పచౌలి: తొందరపడని నూనె

పచౌలి తులసి కుటుంబపు మొక్క. పుదీనా, మరువం, సబ్జా అన్నీ దీని బంధువులే. ఎత్తు మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. కాండం నాలుగు పలకలుగా ఉంటుంది, ఆకులు ఎదురెదురుగా జంటలుగా పుడతాయి, అంచులు రంపపు పళ్లలా ఉంటాయి, పైన మెత్తటి నూగు ఉంటుంది. తులసితో పోలిక ఇంతవరకే. తులసి రెమ్మను తాకితే చాలు, చేతికి వాసన అంటుకుంటుంది. పచ్చి పచౌలి ఆకును ఎంత నలిపినా ఎక్కువగా వచ్చేది పసరు వాసన. అదే ఆకు నీడన ఎండి, కొన్నాళ్లు మగ్గితే తడిసిన మట్టి, పాత చెక్కపెట్టె, కాస్త కర్పూరం కలిసినట్టుండే గాఢమైన పరిమళం పుట్టుకొస్తుంది. దాని అడుగున సన్నని తీపి కూడా తెలుస్తుంది.

ఈ ఆలస్యానికి ఒక కారణం ఆకులోని నూనె స్వభావం. నిమ్మ, నారింజ తొక్కల నూనెల్లో ప్రధానమైన లిమొనీన్ అణువులో 10 కార్బన్ పరమాణువులుంటాయి. అది 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగిపోతుంది, గాలి తగిలితే చాలు ఎగిరిపోతుంది. పచౌలి నూనె దాదాపు మొత్తం 15 కార్బన్ల అణువులతో తయారైనది. వీటి మరుగు స్థానాలు 250 డిగ్రీల పైమాటే. బట్టీని ఎందుకు గంటల తరబడి మండించాలో, సెంటు తయారీదారులు ఈ నూనె లేనిదే ఎందుకు గడవదంటారో, బట్టల పెట్టెలో వేసిన ఆకు నెలల తరబడి ఎలా వాసన వేస్తుందో, అన్నిటికీ మూలం ఈ బరువులోనే ఉంది.

మొక్క

వ్యాపారంలో ఉన్న పచౌలి శాస్త్రీయ నామం పోగోస్టెమన్ కాబ్లిన్. ఫిలిప్పీన్స్‌లో పనిచేసిన స్పానిష్ మతగురువు మాన్యుయెల్ బ్లాంకో 1837లో ప్రచురించిన అక్కడి వృక్షజాతుల గ్రంథంలో దీన్ని పుదీనా ప్రజాతిలో చేర్చి వర్ణించాడు. కాబ్లిన్ అన్నది ఆ దీవుల్లో జనం వాడే పేరే. 1848లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జార్జ్ బెంథామ్ దాన్ని పోగోస్టెమన్ ప్రజాతిలోకి మార్చాడు. ఇదే ప్రజాతికి చెందిన పోగోస్టెమన్ హేనియానస్ దక్షిణ భారతదేశంలోనూ, శ్రీలంకలోనూ సహజంగా పెరుగుతుంది. దాన్ని వ్యాపారులు 'జావా పచౌలి' అంటారు. అది బాగా పూస్తుంది, కానీ నూనె తక్కువ, వాసన పలచన. అందువల్ల తోటల్లో దానికి చోటు దక్కలేదు.

అసలు పచౌలి సాధారణంగా పూయదు. అరుదుగా పూసినా గింజ కట్టదు. కొమ్మ ముక్కలు నాటి పెంచడమే మార్గం. దీనివల్ల రైతుకు ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. మంచి మొక్క ఒకటి దొరికితే దాని గుణం తరతరాలకూ చెక్కుచెదరదు. కానీ ఒక ప్రాంతంలోని తోటలన్నీ జన్యుపరంగా ఒకే మొక్క అయినప్పుడు, ఆ మొక్కను పడగొట్టే తెగులు వస్తే తోటలన్నీ ఒకేసారి పడిపోతాయి. ఇండోనేషియాలో ఇది చాలాసార్లు జరిగింది. గింజ లేని పంటలో సంకరణ ద్వారా కొత్త రకాలు తేవడం కూడా కష్టమే. ఉన్నవాటిలో ఎంపిక చేయడం, కణజాల వర్ధనంలో అనుకోకుండా వచ్చే మార్పులను పట్టుకోవడం తప్ప ప్రజనన శాస్త్రవేత్తలకు దారి పెద్దగా లేదు.

ఇండోనేషియాలో దీన్ని 'నిలమ్' అంటారు. ప్రపంచానికి కావలసిన పచౌలి నూనెలో 80 నుంచి 90 శాతం ఆ ఒక్క దేశం నుంచే వస్తుందని అంచనా. సుమత్రా ఉత్తర కొసనున్న ఆచే ప్రాంతం చాలాకాలం దీనికి రాజధాని. అక్కడి నిలమ్ నూనెకు 2013లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. తపక్‌తువాన్, లొక్సుమావె, సిదికలాంగ్ అని అధికారికంగా విడుదలైన రకాలు మూడూ సుమత్రా ఊళ్ల పేర్లే. ఈ శతాబ్దంలో మాత్రం పంట తూర్పుకు జరిగింది, ఇప్పుడు సులవేసి దీవి ముందుంది. ఈ వలసకు కారణం నేలలో ఉంది, దాని సంగతి కొద్దిసేపట్లో వస్తుంది.

సాగు

భూమధ్యరేఖకు దగ్గరి తేమ వాతావరణం పచౌలికి ఇష్టం. 24 నుంచి 28 డిగ్రీల ఉష్ణోగ్రత, ఏడాది పొడవునా పరుచుకున్న 2000 నుంచి 3000 మిల్లీమీటర్ల వాన, నీరు నిలవని వదులు నేల ఉండాలి. వాన తక్కువైన చోట నీటి తడులు ఇచ్చి పెంచవచ్చు. నీరు నిలిస్తే మాత్రం వేరు కుళ్లుతుంది.

నీడ విషయంలో రైతు ఒక బేరం ఆడాల్సి ఉంటుంది. పూర్తి ఎండలో పెరిగిన ఆకు చిన్నగా, మందంగా, ఎరుపు తిరిగి ఉంటుంది. దానిలో నూనె శాతం ఎక్కువ. నీడలో పెరిగిన ఆకు వెడల్పుగా, పలచగా, ఆకుపచ్చగా ఉంటుంది. నూనె శాతం తగ్గినా ఆకు దిగుబడి పెరుగుతుంది. అందుకే కొబ్బరి, రబ్బరు, పోక తోటల్లో అంతర పంటగా, చెదురు నీడలో వేయడం వాడుకగా మారింది. తెలుగు ప్రాంతాల్లో ఇలాంటి నీడ, తేమ కలిసి దొరికేది కోకో పండిస్తున్న కోనసీమ కొబ్బరి తోటల్లోనూ, మన్యపు కాఫీ తోటల్లోనూ. తెలంగాణ, రాయలసీమ మెట్ట నేలలకు మాత్రం నిమ్మగడ్డి, పామారోజా గడ్డి వంటి కరవు తట్టుకునే సుగంధ పంటలే పొసగుతాయి. నూనె ధర చూసి అక్కడ పచౌలి వేస్తే నీళ్ల ఖర్చుకే లాభం కరిగిపోతుంది.

భారతదేశంలో ఈ పంటను తొలిసారి వేసి చూసింది టాటా ఆయిల్ మిల్స్, 1942లో. సబ్బులకు వాసన నూనె వారికి అవసరం. ఆ తర్వాత 1959లో ఏర్పడి, ఇప్పుడు లక్నో కేంద్రంగా సుగంధ మొక్కల మీద పరిశోధన చేస్తున్న సంస్థ, సీమ్యాప్, దీన్ని చేపట్టింది. హైదరాబాద్ బోడుప్పల్‌లోనూ, బెంగళూరులోనూ దానికి పరిశోధన కేంద్రాలున్నాయి. మన దేశంలో జోహోర్, సింగపూర్, ఇండోనేషియా అని మూడు రకాలు వ్యాపించాయి. వీటిలో జోహోర్ రకం నూనె నాణ్యతకు పేరు పొందింది. ఇంత చేసినా అగరుబత్తీలు, సబ్బులు, జర్దా తయారీకి కావలసిన నూనెలో ఎక్కువ భాగం ఇప్పటికీ దిగుమతే.

నాటడానికి నాలుగైదు కణుపులున్న కొమ్మ చివరలను తీసుకుంటారు. కింది ఆకులు తుంచేసి, నీడ పందిరి కింద నారుమళ్లలోనో ప్లాస్టిక్ సంచుల్లోనో గుచ్చి, పైన తేమ ఆరకుండా చూస్తారు. నెల తిరిగేసరికి వేరు పట్టుకుంటుంది. ఆరేడు వారాలకు పొలంలోకి మార్చవచ్చు. వరుసల మధ్య, మొక్కల మధ్య 60 సెంటీమీటర్లు వదిలితే హెక్టారుకు సుమారు 27,700 మొక్కలు పడతాయి. ఆకు కోసం పెంచే పంట కాబట్టి నత్రజని ఎక్కువ తింటుంది. ప్రతి కోత తర్వాత మళ్లీ ఎరువు వేయకపోతే రెండో ఏటికే తోట నీరసిస్తుంది.

నాటిన 5 నెలలకు తొలి కోత వస్తుంది. తర్వాత మూడు నాలుగు నెలలకొకటి చొప్పున రెండు మూడేళ్లు కోస్తారు. కోతకు వచ్చిందని తెలుసుకోవడానికి రైతుకు పరికరాలేవీ అక్కర్లేదు. కింది ఆకులు పాలిపోయి లేత గోధుమ రంగుకు తిరుగుతాయి, పొద్దున్నే తోటలోకి అడుగుపెడితే గట్టు మీదికే వాసన తగులుతుంది. అప్పుడు కొమ్మలను కోస్తారు, కానీ మొదలుకంటా కాదు. నాలుగైదు కణుపులు వదిలితే అక్కడి నుంచి కొత్త పిలకలు వస్తాయి.

పంటకు అసలు శత్రువు మట్టిలో ఉంటుంది. వేరు బుడిపె నులిపురుగులకు పచౌలి వేరంటే మహా ఇష్టం. పీకి చూస్తే వేళ్లన్నీ ముడులు ముడులుగా ఉబ్బి కనిపిస్తాయి. పైన మొక్క నీళ్లున్నా వాడినట్టే ఉంటుంది. ఆ గాయాల గుండా రాల్‌స్టోనియా అనే బాక్టీరియా లోపలికి చొరబడితే ఎండు తెగులు తోడవుతుంది, మొక్క రోజుల్లో కూలిపోతుంది. సుమత్రాలో 'బుదొక్' అనే మరో తెగులుంది. సింకిట్రియం అనే శిలీంధ్రం వల్ల ఆకులూ కొమ్మలూ పొక్కులెక్కి ముడుచుకుపోతాయి. ఆకులపై మచ్చలు తెచ్చే మొజాయిక్ వైరస్ కొమ్మ ముక్కల ద్వారానే ఒక తోట నుంచి ఇంకో తోటకు చేరుతుంది. వేపపిండి, పంట మార్పిడి, శుభ్రమైన నారు కొంతవరకు కాపాడతాయి.

సారం పీల్చే ఆకు పంట ఒకపక్క, నేలలో పెరిగిపోయే పురుగు ఇంకోపక్క. అందుకే సుమత్రా రైతులు చాలాకాలం అడవిలో చిన్న చెక్క నరికి కాల్చి, రెండు మూడేళ్లు పచౌలి పండించి, దాన్ని వదిలేసి ముందుకు నడిచారు. పంట దీవి నుంచి దీవికి జరగడం వెనుక ఈ పద్ధతి చాలావరకు ఉంది. ధరలు కూడా ఈ తిరుగుడుకు తోడయ్యాయి. 1997-98లో ఎల్ నినో కరవు, ఆసియా ఆర్థిక సంక్షోభం కలిసొచ్చినప్పుడు ఇండోనేషియా రూపాయి పడిపోయింది, నూనె ధర కనీవినీ ఎరుగనంత ఎగబాకింది. ఊరూవాడా పచౌలి నాటారు. వాళ్ల ఆకు కోతకొచ్చేనాటికి ధర పడిపోయింది. మన మిరప, ఉల్లి రైతులకు ఈ కథ కొత్తేమీ కాదు.

ఆకు నుంచి నూనె

కోసిన కొమ్మలను ముక్కలుగా నరికి, కొన్ని గంటలు ఎండ చూపించి, తర్వాత మూడు నాలుగు రోజులు నీడలో పలచగా పరిచి, తిరగేస్తూ ఆరబెడతారు. నూనె ఆకు ఉపరితలం మీది గ్రంథి రోమాల్లోనే కాక, లోపలి కణాల్లో కూడా దాగి ఉంటుంది. పుదీనా నూనె దాదాపు అంతా పై రోమాల్లోనే ఉంటుంది కనుక ఆవిరి తగలగానే వచ్చేస్తుంది. పచౌలిలో లోపలి నూనె బయటికి రావాలంటే కణాల గోడలు సడలాలి. నీరు ఇంకిపోయేటప్పుడు జరిగే పని అదే. ఆరబెట్టిన ఆకును కుప్పపోసి కొద్దిగా మగ్గనిస్తే గోడలు ఇంకా చివుకుతాయి. అయితే అతి చేస్తే బూజు పడుతుంది, నూనెకు ముక్క వాసన వస్తుంది. మండుటెండలో పెళపెళలాడేలా ఎండబెడితే ఆకు పొడై రాలిపోతుంది. హెక్టారుకు ఏడాదిలో 2 టన్నుల ఎండాకు వచ్చి, అందులో నూనె 2.5 శాతం ఉంటే చేతికందేది 50 కిలోలు. మొత్తం సాగు లెక్క ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది.

పల్లె బట్టీ నిర్మాణం చాలా సాదా. పెద్ద పీపా అడుగున నీళ్లు, దానిపైన జల్లెడ పలక, ఆ పైన ఆకు ఉంటాయి. కింద కట్టెల మంట పెడతారు. మూత నుంచి వంపు తిరిగిన గొట్టం చల్లటి నీటి తొట్టిలో మునిగి వెళ్తుంది. ఆకును వేయడంలోనే నేర్పంతా ఉంది. బాగా దట్టిస్తే ఆవిరి పైకి రాదు. వదులుగా వేస్తే ఒకచోట కన్నం చేసుకుని ఆవిరంతా అందులోంచే పోతుంది, చుట్టూ ఉన్న ఆకు ముట్టనట్టే మిగిలిపోతుంది.

ఆవిరి గొట్టంలో చల్లబడి, నీరూ నూనే కలిసి సేకరణ పాత్రలోకి దిగుతాయి. మామూలుగా నూనె నీటి మీద తేలితే తేలిగ్గా వంచేయవచ్చు. పచౌలి నూనె సాంద్రత 0.950 నుంచి 0.975 వరకు ఉంటుంది, అంటే నీటికి ఒక మెట్టు కింద. అందువల్ల చిలికిన మజ్జిగలో వెన్న పూసల్లా సన్నని చుక్కలు చాలాసేపు నీళ్లలోనే తిరుగాడతాయి. పాత్ర చిన్నదైతే ఆ చుక్కలు నీటితో పాటు బయటికి కొట్టుకుపోతాయి. తెలిసినవారు పెద్ద పాత్ర పెట్టి, నూనె తేరాక మిగిలిన నీటిని తిరిగి బట్టీలోకే పంపుతారు.

బట్టీని ఎంతసేపు మండించాలన్నది నూనె నాణ్యతనే నిర్ణయిస్తుంది. మొదట వచ్చేవి ఆక్సిజన్ లేని తేలిక హైడ్రోకార్బన్లు. వాసనకు నిండుదనాన్నిచ్చే బరువైన పచౌలాల్ తాపీగా, చివరి గంటల్లో ఎక్కువగా దిగుతుంది. మంచి బట్టీలో ఇందుకు 6 నుంచి 8 గంటలు, నాటు బట్టీలో అంతకు మించి పడుతుంది. కట్టెలు ఆదా అవుతాయని ముందే మంట ఆర్పేస్తే నూనె పరిమాణంలో పెద్ద తేడా రాకపోవచ్చు. కానీ పచౌలాల్ శాతం ప్రమాణం కిందికి జారిపోయి, కొనేవాడు ధర కోస్తాడు.

బట్టీ లోహం కూడా నూనె మీద ముద్ర వేస్తుంది. ఇనుప పీపాలో తీసిన నూనె ముదురు గోధుమ రంగులో ఉంటుంది. నూనెలోని ఆమ్ల స్వభావపు పదార్థాలు ఇనుముతో కలిసి రంగు సమ్మేళనాలను ఏర్పరుస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు బట్టీ నూనె లేత పసుపు. ముదురు నూనెను సిట్రిక్ ఆమ్లంతోనో, శూన్యంలో జరిపే మాలిక్యులర్ డిస్టిలేషన్‌తోనో తేటగా మార్చవచ్చు. సబ్బులో, తెల్లని క్రీములో వాడేవారికి ఈ శుద్ధి తప్పనిసరి.

నూనెలో ఏముంది

పచౌలి నూనెలో ప్రధాన పదార్థం పచౌలాల్, మరో పేరు పచౌలి ఆల్కహాల్. ఫార్ములా C₁₅H₂₆O. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3757 ప్రకారం ఇది 27 నుంచి 35 శాతం దాకా ఉంటుంది. ఇండోనేషియా జాతీయ ప్రమాణం 30 శాతానికి తగ్గకూడదంటుంది. తర్వాతి స్థానాలు ఆల్ఫా బుల్నెసీన్, ఆల్ఫా గ్వాయీన్‌లవి. ఇవి రెండూ కలిస్తే నూనెలో మరో పావు నుంచి మూడో వంతు. సీషెలీన్, ఆల్ఫా, బీటా పచౌలీన్లు, కారియోఫిలీన్, పోగోస్టాల్ తక్కువ మోతాదుల్లో ఉంటాయి. దాదాపు అన్నీ సెస్క్విటెర్పీన్‌లే, అంటే 5 కార్బన్ల ఐసోప్రీన్ ప్రమాణాలు మూడు కలిసి ఏర్పడినవి.

పచౌలాల్ అణువు మూడు వలయాలు ఒకదానిలో ఒకటి అల్లుకున్న పంజరం. దాని ఆల్కహాల్ గుంపు వేలాడుతున్న కార్బన్‌కు హైడ్రోజన్ ఏదీ మిగలలేదు, అది మూడు వైపులా కార్బన్లతోనే బంధమై ఉంది. ఇలాంటి టెర్షియరీ ఆల్కహాల్ గాలిలోని ఆక్సిజన్‌కు సులభంగా లొంగదు, ఆల్డిహైడ్‌గానో కీటోన్‌గానో మారిపోదు. నిమ్మ నూనె సీసా కొన్ని నెలలకే పాడైపోతుంటే పచౌలి నూనె ఏళ్ల తరబడి నిలవ ఉండటానికి ఇదొక కారణం. నిలవ ఉండటమే కాదు, పాతబడే కొద్దీ మెరుగవుతుందని పేరు. కొత్త నూనెలో ఘాటుగా, పసరుగా ఉండే తేలిక పదార్థాలు క్రమంగా తగ్గి, గుండ్రని తీయని వాసన మిగులుతుంది.

శుద్ధ పచౌలాల్ సుమారు 56 డిగ్రీల దగ్గర కరిగే తెల్లని స్ఫటికం. 1869 నాటికే దీన్ని వేరుచేశారు. కానీ దాని నిర్మాణం తేలడానికి దాదాపు వందేళ్లు పట్టింది, ఆ తేలిన తీరు కర్బన రసాయన శాస్త్ర చరిత్రలో ఒక చోద్యం. అమెరికాలోని ఎంఐటీలో జార్జ్ బుషీ బృందం అణువును ముక్కలు చేసి, ఆ ముక్కలను బట్టి ఒక నిర్మాణం ఊహించింది. 1960ల ఆరంభంలో అదే నిర్మాణాన్ని లక్ష్యంగా పెట్టుకుని ప్రయోగశాలలో తయారు చేసింది. చివరికి వచ్చిన పదార్థం సహజ పచౌలాల్‌తో అన్ని విధాలా సరిపోయింది. ఆ రోజుల్లో నిర్మాణానికి ఇంతకు మించిన రుజువు లేదు. కానీ 1963లో జ్యూరిక్‌లో జాక్ డునిట్జ్ బృందం పచౌలాల్, క్రోమిక్ ఆమ్లం కలిసిన స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో పరీక్షించగా పంజరం ఆకారం వేరుగా కనిపించింది. అంటే ఊహించిన నిర్మాణం తప్పు, కానీ ఆ తప్పు లక్ష్యంతో తయారైన పదార్థం మాత్రం అసలైనదే.

జరిగిందేమిటంటే, అణువు నుంచి నీటిని తొలగించి పచౌలీన్‌గా మార్చినప్పుడు దాని అస్థిపంజరం నిశ్శబ్దంగా జరిగి మరో ఆకారం దాల్చింది. రసాయనవేత్తలు ఆ కొత్త ఆకారాన్నే పాతదనుకున్నారు. తిరుగు ప్రయాణంలో పచౌలీన్‌ను పెరాక్సీ ఆమ్లంతో ఆక్సీకరించినప్పుడు అస్థిపంజరం మళ్లీ జరిగి తన తొలి రూపానికి వచ్చేసింది. రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. అణువును తయారు చేసి చూపించడమే తిరుగులేని సాక్ష్యం అన్న నమ్మకానికి ఈ ఉదంతం గట్టి దెబ్బ. ఎక్స్-కిరణ పద్ధతి పరపతిని ఇది ఇంకాస్త పెంచింది.

ఇంతకీ పచౌలి వాసన పచౌలాల్‌దేనా? ఈ ప్రశ్న మీద కూడా వాదన సాగింది. నూనెలో ఒక శాతానికి మించని నార్‌పచౌలెనాల్ అనే 14 కార్బన్ల పదార్థానికి కూడా అచ్చమైన పచౌలి వాసన ఉందని 1970లలో తేలింది. ఇంకోపక్క, ప్రకృతిలో దొరికే పచౌలాల్‌కు అద్దంలో ప్రతిబింబం లాంటి కుడి రూపాన్ని ప్రయోగశాలలో తయారు చేసి వాసన చూస్తే అది చాలా బలహీనంగా ఉంది. ముక్కులోని గ్రాహకాలు ఎడమ రూపాన్నే గుర్తుపడుతున్నాయన్నమాట. మొత్తం మీద మట్టి, చెక్క గుణాలకు మూలం పచౌలాలే అయినా, నిండు వాసన మాత్రం ఈ చిన్నాచితకా పదార్థాల పొందికతోనే వస్తుంది. విడి పదార్థాలను కలిపి పచౌలి నూనెను చవగ్గా అనుకరించడం ఎవరికీ కుదరకపోవడానికి కారణం అదే.

ఆల్ఫా గ్వాయీన్ గురించి ఒక మాట. ఇది గాలి తగిలి ఆక్సీకరణ చెందితే రొటండోన్ అనే పదార్థం పుడుతుంది. మిరియాల ఘాటు వాసన రొటండోన్‌దే. షిరాజ్ ద్రాక్ష వైనులో వచ్చే మిరియాల వాసనకు కూడా ఇదే కారణమని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. పచౌలి నూనెలోని గ్వాయీన్ భాగాన్ని వేరుచేసి, ఎంజైముతో ఇదే మార్పును జరిపించి జివోడాన్ కంపెనీ 'అకిగలావుడ్' పేరుతో ఒక పరిమళ పదార్థాన్ని అమ్ముతోంది.

మొక్కలో ఇన్ని అణువులు తయారు చేసేది ఇన్ని ఎంజైములు కావు. ఫార్నెసిల్ డైఫాస్ఫేట్ అనే పొడుగాటి 15 కార్బన్ల గొలుసును పచౌలాల్ సింథేజ్ అనే ఒకే ఎంజైము మడతపెట్టి, వలయాలుగా చుడుతుంది. మడత చివరిదాకా సాగితే పచౌలాల్. మధ్యలోనే జారిపోతే బుల్నెసీన్, గ్వాయీన్, సీషెలీన్ వగైరా. ఈ ఎంజైము జన్యువును వేరుచేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, అది ఒక్కటే పచౌలాల్‌తో పాటు కనీసం మరో 13 సెస్క్విటెర్పీన్లను చేస్తుందని చూపారు. ఏ దేశపు పచౌలి నూనె తీసుకున్నా ఈ పదార్థాల నిష్పత్తులు ఇంచుమించు ఒకే తీరులో ఉండటానికి ఇది వివరణ.

ఆ నిష్పత్తులే కల్తీని పట్టిస్తాయి. గర్జన్ చెట్ల బంక నూనె, దేవదారు నూనె, కోపైబా నూనె పచౌలిలో కలిపే అలవాటు పాతదే. అవీ సెస్క్విటెర్పీన్లే కాబట్టి సాంద్రతలోనూ రంగులోనూ తేడా కనిపించదు. గ్యాస్ క్రొమటోగ్రఫీలో మాత్రం గర్జునీన్ వంటి పరాయి శిఖరాలు బయటపడతాయి. వంట నూనె కలిపితే ఇంకా సులభం. ఒక పాలు నూనెకు 90 శాతం ఆల్కహాల్ పది పాళ్లు కలిపి కుదిపితే అసలు నూనె తేటగా కరుగుతుంది, కల్తీది పాలలా మసకబారుతుంది. ఆముదం మాత్రం ఆల్కహాల్‌లో కరిగే గుణం వల్ల ఈ పరీక్షకు చిక్కకుండా తప్పించుకోగలదు. కల్తీ చేసేవాళ్లకు రసాయన శాస్త్రం తెలియదనుకోకూడదు.

వాడుక

ఐరోపాకు పచౌలి పరిచయమైంది సీసాలో కాదు, శాలువాల మడతల్లో. 19వ శతాబ్దం తొలి దశకాల్లో కాశ్మీరు శాలువాలను ఓడలెక్కించేటప్పుడు చిమ్మటలు కొట్టకుండా మధ్య మధ్య ఎండు పచౌలి ఆకులు వేసేవారు. ఆ ప్రయాణమంతా ఉన్నిలోకి వాసన ఎక్కేది. పారిస్, లండన్ దుకాణాల్లో ఆ వాసన ఉంటేనే అసలు శాలువా అన్న గుర్తు ఏర్పడింది. స్థానికంగా నకలు శాలువాలు నేసినవారికి నేత కుదిరినా ఈ వాసన కుదరలేదు. చివరికి ఆకు ఏదో కనుక్కుని తెప్పించుకున్నారు. 1840ల నుంచి లండన్‌లో ఎండాకు బహిరంగంగా అమ్ముడయింది. ఒక వస్త్రం నాణ్యతకు దానితో వచ్చిన పురుగుమందు పూచీ పడటం వాణిజ్య చరిత్రలో అరుదైన ముచ్చట.

ఆకు పురుగులను నిజంగా ఆపుతుందా అంటే, కొంతవరకు ఆపుతుంది. 2003లో అమెరికా పరిశోధకులు ఫార్మోసా జాతి చెదల మీద పరీక్షించి, పచౌలి నూనే, శుద్ధ పచౌలాలూ రెండూ వాటిని తరమడమే కాక చంపుతాయని కూడా నివేదించారు. దోమల మీదా, నిలవ ధాన్యపు పురుగుల మీదా ఇలాంటి ఫలితాలు ప్రయోగశాలల్లో వచ్చాయి. ఇంట్లో వాడే మందుల స్థానాన్ని తీసుకునేంత బలం, చవక దీనికి లేవు.

నూనెలో అత్యధిక భాగం ఖర్చయ్యేది సెంట్లు, సబ్బులు, డిటర్జెంట్లలోనే. సెంటు చర్మం మీద పడగానే నిమ్మజాతి తేలిక అణువులు నిమిషాల్లో పోతాయి, పువ్వుల వాసనలు కొన్ని గంటలుంటాయి, పచౌలి మర్నాటికీ మిగులుతుంది. పరిమళ నిపుణుల పరీక్ష కాగితం మీద వేసిన చుక్క రోజుల తరబడి వాసన వేస్తుంది. తాను నిలవడమే కాదు, పక్కనున్న తేలిక అణువులను కూడా పలచని నూనె పొరలో పట్టి ఉంచి, వాటి ఆవిరిని మందగింపజేస్తుంది. మన అత్తర్లలో మంచిగంధపు నూనె చేసే పని ఇదే. గంధం కొరత పెరిగి ధర ఆకాశాన్నంటాక పచౌలి మీద భారం ఇంకా పెరిగింది.

ఫ్రాన్స్వా కోటీ 1917లో తెచ్చిన 'షీప్ర్' సెంటు, దాన్ని అనుసరించి వచ్చిన ఒక పెద్ద కుటుంబం, పచౌలిని ఓక్ చెట్టు నాచుతో జతచేశాయి. 1960లలో అమెరికా హిప్పీ యువత భారతదేశపు అగరుబత్తీలతో పాటు పచౌలి నూనెను నేరుగా ఒంటికి పూసుకోవడంతో, ఒక తరానికి అది తిరుగుబాటు వాసనగా, వారి తల్లిదండ్రులకు తలనొప్పిగా మారింది. ఆ ముద్ర చెరిపేసింది 1992లో వచ్చిన 'ఏంజెల్'. పంచదార పాకం వాసన వేసే ఎథిల్ మాల్టాల్‌ను భారీ మోతాదులో పచౌలితో కలిపి చేసిన ఆ సెంటు మిఠాయి వాసనల ఒరవడికి నాంది పలికింది. షనెల్ కంపెనీ 2007లో పచౌలి ప్రధానంగా విడుదల చేసిన సెంటు పేరు 'కోరమాండల్'. చైనా లక్క తెరలకు ఐరోపాలో ఉన్న పేరది. అవి మన తూర్పు తీరపు రేవుల మీదుగా ఓడలెక్కడంతో ఆ పేరొచ్చింది. నూనెకూ కోస్తాకూ అంతకు మించిన చుట్టరికం లేదు.

చైనా సంప్రదాయ వైద్యంలో పచౌలి ఎండు కొమ్మలకు, ఆకులకు 'గ్వాంగ్ హువోషియాంగ్' అని పేరు. గ్వాంగ్‌డాంగ్, హైనాన్ ప్రాంతాల్లో మందు కోసమే సాగు చేస్తారు. వేసవి వికారానికి, వాంతులు విరేచనాలకు వాడే ప్రసిద్ధ మిశ్రమంలో ఇది ముఖ్య ద్రవ్యం. బాక్టీరియా, బూజు, వాపుల మీద పచౌలాల్ ప్రభావం చూపుతుందనే పరిశోధనలు చాలానే ఉన్నా, అధిక భాగం గాజు పాత్రల్లోనూ ఎలుకల్లోనూ జరిగినవే. కుంగుబాటును పోగొడుతుందని, చర్మాన్ని యవ్వనంగా మారుస్తుందని సీసాల మీద రాసే మాటలకు ఇవి ఆధారం కావు. చర్మానికి పడని గుణం తక్కువే అయినా, మిగతా సుగంధ తైలాల లాగే దీన్నీ కొబ్బరి నూనెలో పలచన చేసే వాడాలి, చిక్కగా రాయకూడదు. అమెరికాలో ఆహారపు వాసన ద్రవ్యంగా అతి స్వల్ప మోతాదులో అనుమతి ఉంది. ఆవిరి పట్టాక మిగిలిన ఆకులో కూడా కొంత వాసన ఉంటుంది కనుక పిప్పిని ఎండబెట్టి అగరుబత్తీల పిండిలోనూ, దోమల చుట్టల్లోనూ కలుపుతారు. మిగతాది ఎరువుగా తోటకే వెళ్తుంది.

పంట ధరల ఎగుడుదిగుళ్లు భరించలేక పెద్ద కంపెనీలు మరో దారి కూడా వెతికాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫిర్మెనిష్, కాలిఫోర్నియాకు చెందిన అమైరిస్ కలిసి పచౌలి ఎంజైము జన్యువును ఈస్టులో ప్రవేశపెట్టి, చెరకు చక్కెరను పులియబెట్టి తీసిన పదార్థాన్ని 2014లో 'క్లియర్‌వుడ్' పేరుతో మార్కెట్లోకి తెచ్చాయి. ఏ ఏడాదైనా ఒకే నాణ్యతతో వస్తుంది, రంగు ఉండదు, చెక్క వాసన శుభ్రంగా ఉంటుంది. ఆకు నూనెలోని మట్టి, కర్పూరం, బూజు ఛాయలు మాత్రం అందులో లేవు. కొన్ని సెంట్లకు అది లోపం, కొన్నిటికి సదుపాయం. అందువల్ల పరిమళ తయారీదారులు రెండిటినీ కొంటున్నారు. సుమత్రా, సులవేసి బట్టీలకు గిరాకీ తగ్గలేదు.